బాకాలో నీళ్ళు

మాఘమాసం, తెల్లవారుజాము ముహూర్తం. ధర్మవరమో, కళ్యాణదుర్గమో, ఊరేదైనా సరే. పెళ్ళికొడుకును విడిదింటి నుంచి పిలుచుకొస్తున్నారు. అరుగు మీద కంబళి కప్పుకుని ముసలాయన ఒకడు చూస్తూ కూర్చున్నాడు. పాట ఆగింది. ట్రంపెట్టు వాయించే అతను వాద్యాన్ని కిందికి వంచి, గొట్టం వంపు దగ్గరున్న చిన్న మీట నొక్కి ఒక్క ఊదు ఊదాడు. నాలుగు చుక్కలు మట్టిలో పడ్డాయి. చుట్టూ ఉన్న పిల్లలు "ఎంగిలి, ఎంగిలి" అంటూ వెనక్కి జరిగారు.

అదే మనిషి, అదే బాకా, వైశాఖంలో మిట్టమధ్యాహ్నపు ఊరేగింపు. గంటసేపు ఊదినా మీట జోలికి పోవలసిన పనే పడదు. నొక్కినా గాలి తప్ప ఏమీ రాదు.

ఈ తేడాను నేను చిన్నప్పుడే చూశాను. ఎండకు నోరు ఎండిపోతుంది, ఉమ్మి ఉండదు, అందుకే చుక్క రాదు అనుకున్నాను. చాలా ఏళ్ళు అదే నమ్మకంతో ఉన్నాను. అది తప్పు. ఆ చుక్కల్లో ఉమ్మి ఉంటే గింటే కొంచెమే. మిగతాదంతా ఊపిరిలోని ఆవిరి. మనం వదిలే ఊపిరి దాదాపు 34 డిగ్రీల వేడితో, పట్టగలిగినంత తేమను పట్టుకుని బయటికి వస్తుంది. అలాంటి ఊపిరి ఒక ఘనమీటరు పోగేస్తే అందులో ఇంచుమించు 38 గ్రాముల నీరుంటుంది. మాఘంలో ఇత్తడి గొట్టం 17, 18 డిగ్రీల దగ్గర చల్లగా ఉంటుంది. చల్లటి మజ్జిగ పోసిన చెంబుకు బయట చెమ్మ పట్టినట్టే, గొట్టానికి లోపల చెమ్మ పడుతుంది. అది జారి వంపులోకి చేరి గుడగుడమంటుంది. వైశాఖంలో ఇత్తడి 42 డిగ్రీలు దాటి ఉంటుంది, అంటే ఊపిరి కన్నా వేడిగా. తనకన్నా వేడిగా ఉన్న లోహం మీద ఆవిరి నీరుగా నిలవదు. వచ్చింది వచ్చినట్టే వెడల్పు మూతిలోంచి బయటికి పోతుంది.

కాబట్టి జనవరిలో కంటికి కనిపించిన నీరు మేలో కనిపించదు. ఒంట్లోంచి పోవడం మాత్రం ఆగదు. పైగా ఎండాకాలపు ఊరేగింపులో చెమట రూపంలో పోయేది దీనికి ఎన్నో రెట్లు. బాకా పొడిగా ఉంది కదా, నాకేమీ ఖర్చు కాలేదులే అనుకునే మనిషి మోసపోతాడు. ఈ అధ్యాయం రాయాలని నాకు అనిపించింది ఆ మోసం వల్లనే. ఊదేవాడికి ఏది సాయం చేస్తుంది అని అడిగితే మంచి వాద్యం, మంచి గురువు, మంచి పుస్తకం అంటాం. అవన్నీ నిజమే. కానీ వాటికంటే ముందు తన పెదవి, తన ఊపిరి, గొట్టంలోని గాలి, ఆ గాలిలోని నీరు ఎలా నడుచుకుంటాయో తెలిస్తే ఈ నేల మీద ఊదేవాడికి పదేళ్ళు ఎక్కువ కలిసొస్తాయని నా నమ్మకం.

ఈ నేల సంగతి తెలియనిది కాదు. అనంతపురం పీఠభూమికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య మేఘాలు కోస్తాలోనే బరువు దించుకుంటాయి. రెండు వానల నీడలోనూ పడ్డ ఊళ్ళు మావి. ఎండాకాలపు మధ్యాహ్నాల్లో గాలిలో తేమ ముప్పై శాతం లోపుకు పడిపోవడం మామూలు. అలాంటి గాలిని గుక్కగుక్కకూ లోపలికి పీల్చి, తడిపి, బయటికి పంపడమే బాకా ఊదేవాడి పని.

పెదవే వాద్యం

ఇత్తడితో చేసినంత మాత్రాన ఇత్తడి వాద్యం కాదు. సాక్సఫోను నిలువెల్లా ఇత్తడే. అయినా దాన్ని మోగించేది నోటి దగ్గర బిగించిన రెల్లు ముక్క కాబట్టి అది సన్నాయికి చుట్టం. గుళ్ళో పూజారి ఊదే శంఖంలో పిసరంత లోహం లేదు. అది మాత్రం ట్రంపెట్టుకు తోడబుట్టింది. తేడా ఒక్కటే: మోగేది పెదవా, రెల్లా?

మన కొమ్ము కూడా ఆ కుటుంబంలోదే. మొదట నిజంగా పశువు కొమ్మే. తర్వాత కంచుకో రాగికో ఇత్తడికో మారింది, పేరు మాత్రం మారలేదు. కాటమరాజు కథ పాడేవాళ్ళకు కొమ్మువారు అన్న పేరు ఈ వాద్యం వల్లనే వచ్చింది. ఆ కథ మొదలయ్యేది కరువుతో. మేత లేక ఆలమందలను తోలుకుని నెల్లూరు సీమకు పోయిన యాదవులకూ, అక్కడి నల్లసిద్ధి రాజుకూ పుల్లరి దగ్గర తగాదా వచ్చి యుద్ధమైంది. రాజు సేనాని ఖడ్గతిక్కన ఆ యుద్ధంలోనే చనిపోయాడని కథ. గడ్డి కోసం జరిగిన యుద్ధాన్ని గడ్డి మేసే పశువు కొమ్ముతోనే తరతరాలుగా చెప్పుకోవడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

కొమ్ములోనైనా ట్రంపెట్టులోనైనా జరిగేది ఇదీ. రెండు పెదవులనూ దగ్గర చేసి ఊదితే అవి తెరుచుకుని మూసుకుంటూ, గాలిని చిన్నచిన్న తునకలుగా కోసి గొట్టంలోకి పంపుతాయి. ఒక్కో తునకా ధ్వని వేగంతో గొట్టం చివరికి వెళుతుంది. చివర మూతి వెడల్పుగా విచ్చుకుంటుంది. అక్కడ కొంత ధ్వని బయటికి పోతుంది, ఎక్కువ భాగం వెనక్కి మళ్ళుతుంది. మడికి పారే కాలువలో గట్టుకు తగిలిన అల వెనక్కి వచ్చినట్టు. అలా వెనక్కి వచ్చిన అల పెదవులను సరిగ్గా తెరుచుకునే వేళకు చేరితే, ఉయ్యాలను సమయం చూసి తోసినట్టు, పెదవి తేలిగ్గా ఊగుతుంది. వేళ తప్పితే పెదవికీ గొట్టానికీ పోట్లాట.

ఆ వేళలు ఎప్పుడొస్తాయో గొట్టం పొడవు నిర్ణయిస్తుంది. బ్యాండు సెట్టులో కనిపించే మామూలు ట్రంపెట్టు గొట్టాన్ని చుట్టలు విప్పి సాగదీస్తే దాదాపు 148 సెంటీమీటర్లు. యుఫోనియం దానికి రెట్టింపు. మీటలేవీ నొక్కకుండా ట్రంపెట్టులో పెదవి బిగింపు ఒక్కటే మార్చుకుంటూ పోతే వరసగా వచ్చేవి స, ప, పైస్థాయి స, అంతర గాంధారం, ప. సంగీతం నేర్చినవాళ్ళకు వెంటనే తెలుస్తుంది, ఇవి తంబురా శ్రద్ధగా వింటే వినిపించే స్వరాలే. మధ్యలో రి లేదు, మ లేదు. కొమ్ముకు ఈ ఖాళీలు అలాగే ఉంటాయి, అందుకే అది పిలుపుకు పనికొచ్చింది కానీ పాటకు పనికిరాలేదు. 1814 ప్రాంతంలో జర్మనీలో స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు గొట్టానికి మీటలు అమర్చి ఈ ఖాళీలను పూడ్చారు. 1818లో దానికి హక్కుపత్రం తీసుకున్నారు. మీట నొక్కితే గాలి ఒక అదనపు చుట్టలోంచి తిరిగి వస్తుంది. గొట్టం పొడవైనట్టే కాబట్టి స్వరం దిగుతుంది.

ఇక్కడ ఊదేవాళ్ళలో చాలామందికి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. రెండో మీట గొట్టాన్ని 6 శాతం పొడిగిస్తుంది, మొదటిది 12 శాతం, మూడోది 19 శాతం. మూడూ కలిపి నొక్కితే 37 శాతం. ఆ స్వరం శుద్ధంగా పలకాలంటే కావలసింది 41 శాతం. అంటే మూడు మీటలూ నొక్కినప్పుడు స్వరం కచ్చితంగా హెచ్చుగా పలుకుతుంది. తప్పు ఊదేవాడిది కాదు, లెక్కది. దాన్ని సరిచేయడానికే మూడో మీట చుట్టకు వేలు దూర్చే ఉంగరం పెట్టారు. వేలితో ఆ చుట్టను బయటికి జరిపితే ఆ నాలుగు శాతం పూడుతుంది. పెళ్ళి బ్యాండ్లలో నేను చూసిన ట్రంపెట్టుల్లో సగానికి పైగా ఆ చుట్ట దుమ్ముకు బిగుసుకుపోయి ఉంది. అది కదలకపోతే మనిషి పెదవితో స్వరాన్ని కిందికి లాగుతాడు. రోజంతా లాగుతాడు. రాత్రికి పెదవి వాస్తుంది.

పెదవి చేసే పని ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. ట్రంపెట్టు నడిమి స్వరానికి పెదవి సెకనుకు దాదాపు 400 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. మూడు గంటల ఊరేగింపులో సగం సేపే ఊదాడనుకున్నా 90 నిమిషాలు. అంటే 21 లక్షల అరవై వేల సార్లు. రెండు పెదవుల మీద, రూపాయి బిళ్ళంత చోట. పై స్వరాలు ఊదేటప్పుడు నోట్లో ఒత్తిడి 10 కిలోపాస్కళ్ళు దాటుతుంది, ఆరోగ్యవంతుడి రక్తపోటులో సగానికి పైగా. పదునుగా, మెరుపులా వినిపించే ఆ మోత లోహం వల్ల వస్తుందని అందరూ అనుకుంటారు. అదీ కాదు. గట్టిగా ఊదినప్పుడు గొట్టంలో నడిచే అల ముందుభాగం నిటారుగా లేచి, విమానాలు పుట్టించే ఆఘాత తరంగానికి తమ్ముడవుతుంది. ట్రాంబోనులో దాన్ని కొలిచి చూపించిన పరిశోధన 1996లో వచ్చింది. ఆ మెరుపు వెనక ఉన్నది గాలి పోగుచేసుకున్న కోపం, ఇత్తడి కాదు.

ఎండ ఎక్కితే స్వరం ఎక్కుతుంది

ఎండాకాలంలో బాకా శ్రుతి హెచ్చుతుందని వాయించే వాళ్ళందరికీ తెలుసు. ఎందుకని అడిగితే లోహం వ్యాకోచించి అంటారు. లోహం వ్యాకోచిస్తే గొట్టం పొడవవుతుంది, పొడవైతే స్వరం దిగాలి కదా! 20 డిగ్రీలు పెరిగితే 148 సెంటీమీటర్ల ఇత్తడి సాగేది అర మిల్లీమీటరు కన్నా కొంచెం ఎక్కువ. అది లెక్కలోకి రాదు. అసలు కారణం గాలి. 20 డిగ్రీల దగ్గర ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది, 40 డిగ్రీల దగ్గర 355. అల తొందరగా వెళ్ళి తొందరగా వస్తే పెదవి తొందరగా ఊగుతుంది.

ఎత్తైన చోట శ్రుతి మారుతుందనే మాట కూడా విన్నాను. కొండ మీద గాలి పలచబడినా ధ్వని వేగం మారదు. దాన్ని మార్చేది వేడి. ఊపిరిలోని తేమ కొంచెం వేగం పెంచుతుంది, ఎందుకంటే నీటి ఆవిరి గాలి కన్నా తేలిక. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు బరువు కాబట్టి అది కొంచెం తగ్గిస్తుంది. ఆ రెండూ చాలావరకు ఒకదాన్నొకటి సరిపెట్టుకుంటాయి.

మాఘం తెల్లవారుజాముకూ వైశాఖం మధ్యాహ్నానికీ బయట 25 డిగ్రీల తేడా ఉంటుంది. గొట్టంలోకి పోయేది ఎప్పుడూ మన ఊపిరే కాబట్టి లోపలి తేడా అంత ఉండదు. పది డిగ్రీలే అనుకున్నా స్వరం దాదాపు 30 సెంట్లు ఎక్కుతుంది. సెంటు అంటే ఒక స్వరస్థానం నుంచి పక్క స్వరస్థానానికి ఉన్న దూరంలో నూరో వంతు. ముప్పై సెంట్లంటే ఎవరి చెవికైనా గుచ్చుకుంటుంది. ఒకప్పుడు బ్యాండులో అందరూ గాలి వాద్యాలే కాబట్టి అందరూ కలిసి ఎక్కేవాళ్ళు. ఇప్పుడు బండి మీద కీబోర్డు ఉంటుంది. దానికి ఎండా లేదు, వానా లేదు. అది ఎక్కదు. బాకా ఎక్కుతుంది. అప్పుడు శ్రుతి సరిచేసే పెద్ద చుట్టను బయటికి లాగాలి. 30 సెంట్లు దించడానికి గొట్టం 2.6 సెంటీమీటర్లు పొడవవాలి. గాలి చుట్టలో ఒకసారి పోయి ఒకసారి వస్తుంది కాబట్టి లాగవలసింది అందులో సగం, అంటే దాదాపు 13 మిల్లీమీటర్లు. చిటికెన వేలి వెడల్పు అనుకోండి. తెల్లవారుజాము పెళ్ళిలో తిరిగి లోపలికి తోయాలి. ఒకే గుర్తు దగ్గర ఏడాది పొడుగునా ఉంచితే ఆరు నెలలు పెదవి ఆ అప్పు తీరుస్తూ ఉంటుంది.

వాద్యాన్ని నీడలో ఉంచడం, మౌత్‌పీసును మాత్రం జేబులో పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. ఎండలో బండి బానెట్టు మీద పెట్టిన మౌత్‌పీసు పెదవిని కాలుస్తుంది. చలిలో వదిలేసినది పెదవిని మొద్దుబారుస్తుంది. జేబు రెండు కాలాలకూ ఒకే వేడి ఇస్తుంది.

నోరు కడుక్కుని ఊదాలి

పెదవి చర్మం మన ఒంట్లో అతి పలచని చర్మాల్లో ఒకటి. దానికి చెమట గ్రంథులు లేవు, నూనె గ్రంథులు లేనట్టే లెక్క. అది తనంతట తాను తడి కాలేదు. అందుకే మనం నాలుకతో తడుపుతాం. ఆ ఉమ్మి నిమిషంలో ఆరి, ఆరుతూ ఆరుతూ పెదవిలోని తేమను కూడా తీసుకుపోతుంది. మళ్ళీ నాకుతాం. సాయంత్రానికి పగుళ్ళు. ఊదే ముందు నీళ్ళు గుక్క గుక్కగా తాగడం, ఊదడం ముగిశాక నెయ్యో, వెన్నో, వాసెలినో పలచగా రాయడం, పాటల మధ్య నాలుక జోలికి పోకపోవడం. ఇంతకు మించిన పెదవి మందు నాకు తెలియదు. ఊదే ముందు మాత్రం జిడ్డు రాయకూడదు, మౌత్‌పీసు జారుతుంది. జారుతుందని ఇంకా గట్టిగా నొక్కుతారు. నొక్కితే పెదవిలోకి రక్తం రాదు. రక్తం రాని కండరం అయిదు నిమిషాల్లో చేతులెత్తేస్తుంది. మౌత్‌పీసు తీశాక పెదవి మీద ఎర్రటి ఉంగరం చాలాసేపు కనిపిస్తూ ఉంటే, గాలి చేయవలసిన పని చెయ్యి చేసిందని అర్థం.

ఇంకొకటి, మా సీమకు సొంతమైనది. పెళ్ళిలో భోజనం చేసి, నాలుగు చెనక్కాయలు నోట్లో వేసుకునో, కిళ్ళీ నములుతూనో వాద్యం ఎత్తుకుంటారు. చెనక్కాయ పలుకు నూనె, పాయసం తీపి, కిళ్ళీ సున్నం అన్నీ ఊపిరితో పాటు లోపలికి పోయి గొట్టం గోడకు అంటుకుంటాయి. మీట లోపలి కడ్డీకీ దాని పెట్టెకూ మధ్య ఉండే సందు వెంట్రుక మందం కన్నా తక్కువ. ఒక్క పలుకు చాలు మీట మొండికేయడానికి. వాద్యం ఎత్తే ముందు పుక్కిలించి ఉమ్మడానికి గ్లాసెడు నీళ్ళు చాలు.

లోపల చేరిన జిడ్డులో జీవులు కూడా పెరుగుతాయి. 2010లో అమెరికాలో వైద్యులు ఒక ట్రాంబోను వాయిద్యకారుడి సంగతి రాశారు. పదిహేనేళ్ళుగా ఆయనకు దగ్గు తగ్గలేదు. వెతికితే వాద్యం లోపల బూజు, బ్యాక్టీరియా దొరికాయి. ఊది గాలి పీల్చుకునేటప్పుడు అవే ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. వాద్యాన్ని క్రమంగా శుభ్రం చేయడం మొదలుపెట్టాక దగ్గు తగ్గింది. ఒకే బాకాను అన్నదమ్ములు, బావమరుదులు పంచుకునే బ్యాండు సెట్లలో ఈ సంగతి మరింత ముఖ్యం. మౌత్‌పీసు ఎవరిది వారికే ఉండాలి. వాద్యం మొత్తం కొనే స్తోమత లేకపోయినా మౌత్‌పీసు కొనుక్కోవచ్చు.

శుభ్రం చేయడానికి నీళ్ళు ఎక్కడివి? బోరు నీళ్ళా? అనంతపురం బోర్లలో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ, సున్నం అంతకన్నా ఎక్కువ. స్టవ్వు మీద నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే బాకాలోనూ పేరుకుంటుంది. నెలకొకసారి గోరువెచ్చని నీళ్ళలో కొంచెం సబ్బు కలిపి కడిగి, చివరి కడుగు మాత్రం తాగే నీళ్ళతోనో, పట్టి ఉంచిన వాన నీటితోనో చేయాలి. రెండు బిందెలు చాలు. ఆ నీటిని చెట్టుకు పోయవచ్చు.

పైన మెరుపు కోసం చింతపండు రుద్దుతారు. పూజగదిలో చెంబుకు అది బాగానే ఉంటుంది. పులుపు రాగి చిలుమును కరిగించి లాగేస్తుంది. కానీ బాకా ఇత్తడి అంటే మూడింట రెండొంతుల పైచిలుకు రాగి, మిగతాది జింకు. పులుపు ఎక్కువసేపు నానితే జింకును ముందు తినేసి, గొట్టంలో గులాబీ రంగు మచ్చలను, మచ్చల్లో సూదిబెజ్జాలను మిగులుస్తుంది. పైపూత ఉన్న వాద్యానికైతే ఆ పూత పోతుంది. బాకాను మెత్తటి గుడ్డతో తుడవడమే మంచిది.

మీటలకు కొబ్బరినూనె వేసేవాళ్ళున్నారు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మాఘం తెల్లవారుజామున మీట పైకి లేవకపోవడానికి చాలాసార్లు కారణం అదే. మీటకు కావలసింది నీళ్ళలా పలచగా ఉండే ఖనిజ నూనె. జారే చుట్టలకు మాత్రం చిక్కటి జిడ్డు కావాలి. వాద్యాల దుకాణాల్లో దీనికని అమ్మే వాటిలో పాతకాలపు మంచి సరుకు గొర్రె ఉన్ని నుంచి తీసి శుద్ధి చేసిన కొవ్వు. గొర్రెల మందలకు, కంబళ్ళకు పేరుపడ్డ మా జిల్లాలో ఈ మాట వింటే కురుబ పెద్దలు సంతోషిస్తారు. అది దొరక్కపోతే వాసెలిన్ పనిచేస్తుంది. చుట్ట గాలి పట్టిస్తోందో లేదో చూడటం తేలిక: మీట నొక్కకుండా ఆ మీట చుట్టను మెల్లగా లాగి, అప్పుడు మీట నొక్కండి. టప్పుమని చప్పుడైతే గాలి కారడం లేదు.

చెవి సంగతి రెండు మాటల్లో చెబుతాను, ఎందుకంటే పోయిన చెవికి మందు లేదు. 85 డెసిబెళ్ళ మోతను ఎనిమిది గంటలు భరించవచ్చని శాస్త్రజ్ఞులు పెట్టుకున్న హద్దు. మూడు డెసిబెళ్ళు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెళ్ళ దగ్గర పదిహేను నిమిషాలే. డప్పులు, బాకాలు, బండి మీది స్పీకర్ల మధ్య నడిచేవాళ్ళు ఆ పదిహేను నిమిషాలను మొదటి వీధిలోనే ఖర్చుపెట్టేస్తారు. దూది పెట్టుకుంటే లాభం లేదు. మందుల దుకాణాల్లో దొరికే నురగ బిరడాలు పెట్టుకోవాలి. అలాగే పై స్వరాలు గట్టిగా ఊదేటప్పుడు కంటిలోపలి ఒత్తిడి కూడా పెరుగుతుంది. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే ఊదేవాళ్ళు ఏడాదికోసారి కళ్ళు చూపించుకోవడం మంచిది.

డ్రిప్పు పైపు బాకా

ఈ అధ్యాయం చదివే పిల్లలు, మాస్టార్లు ఇక్కడ ఆగి ఒక పని చేయాలి. మా చీనీ తోటల్లో పాతబడ్డ డ్రిప్పు పైపులకు కొదవ లేదు. 16 మిల్లీమీటర్ల పైపు, బెజ్జాలు లేని ముక్క, మీటరున్నర పొడవుది తీసుకోండి. బాగా కడగండి. ఒక చివర కిరోసిను పోసుకునే ప్లాస్టిక్ గరాటును టేపుతో గాలి పోకుండా బిగించండి. రెండో చివర పెదవులు ఆనించి, "మ్మ్" అని మూసిన పెదవులతో గుర్రం చేసే చప్పుడులా ఊదండి. మొదట గాలి కారుతుంది. కాసేపటికి పెదవి దారి కనుక్కుంటుంది. మొదటి స్వరం పలికిన క్షణంలో పిల్లల ముఖాలు చూడాలి.

ఇప్పుడు పెదవి కొంచెం బిగించండి. స్వరం మెల్లగా ఎక్కదు, మెట్టు ఎక్కినట్టు ఒక్కసారిగా దూకుతుంది. ఆ దూకుడే గొట్టం చెప్పే మాట. గరాటు తీసేసి ఊదండి, మెట్ల మధ్య దూరాలు మారిపోతాయి. పైపును చుట్టచుట్టి ఊదండి, ఏమీ మారదు. బాకాను ఎందుకు చుట్టవచ్చో అప్పుడు తెలుస్తుంది. పైపును అరగంట ఎండలో పెట్టి వెంటనే ఊదండి, తర్వాత నీడలో చల్లార్చి ఊదండి. ఫోనులో శ్రుతి చూపే యాప్ ఉంటే తేడాను అంకెల్లోనే చూడవచ్చు. ఊళ్ళోని బ్యాండుమాస్టరు అయినా, పట్నంలోని ప్రొఫెసరు అయినా ఇంతకన్నా మంచి పాఠం మొదటి రోజు చెప్పలేరు.

పుస్తకం కావాలనుకునేవాళ్ళకు ఒక్క పేరు చెబుతాను. పారిస్ సంగీత కళాశాలలో పాఠం చెప్పిన ఝాన్ బాప్తిస్త్ ఆర్బాన్ 1864లో అచ్చువేసిన అభ్యాసాల గ్రంథం. ప్రపంచంలో ట్రంపెట్టు నేర్చేవాళ్ళు ఇవాళ్టికీ దాన్ని తిరగేస్తారు. హక్కుల కాలం ఎప్పుడో తీరింది కాబట్టి ఉచితంగానే దొరుకుతుంది. దానికి పాశ్చాత్య స్వరలిపి రావాలి. మన బ్యాండ్లలో చాలామంది చెవితోనే నేర్చుకుంటారు, అందులో చిన్నతనం ఏమీ లేదు. మన దేశపు పెళ్ళి బ్యాండ్ల జీవితాలను గ్రెగరీ బూత్ అనే పండితుడు ఏళ్ళ తరబడి తిరిగి రాసిన 'బ్రాస్ బాజా' 2005లో వచ్చింది. మన ఊరి మనిషి వీధిలో చేసే పనిని ఎంత గౌరవంతో చూడవచ్చో తెలియడానికైనా దాన్ని చదవాలి. వాద్యాలు చాలావరకు వచ్చేది మీరట్ నుంచి. అక్కడ జలీ కోఠీ పేటలో ఇత్తడి రేకు చుట్టి బాకాలు చేసే పని బ్రిటిష్ పల్టన్ల కాలం నుంచి సాగుతోంది. మాకైతే ఆ పల్టన్లు పక్కనే ఉండేవి. 1882లో అనంతపురం జిల్లా విడివడింది బళ్ళారి నుంచే, ఆ బళ్ళారి పెద్ద కంటోన్మెంటు.

ఆడపిల్లలకు బాకా ఎందుకు, ఊపిరి చాలదు అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అనంతపురంలో శ్రీ సత్యసాయి విద్యాసంస్థ వారి మహిళా కళాశాల 1968లో మొదలైంది. అక్కడి విద్యార్థినులకు సొంత బ్రాస్ బ్యాండు ఉంది. జనవరిలో పుట్టపర్తిలో జరిగే వార్షిక క్రీడోత్సవంలో కవాతు ముందు నడిచే బ్యాండ్లలో వాళ్ళదీ ఒకటి. ట్రంపెట్టుకు కావలసింది ఎక్కువ గాలి కాదు. సన్నటి ధారగా, తెగకుండా వచ్చే గాలి. ఎక్కువ గాలి తాగేది ట్యూబా. ఊపిరితిత్తుల పరిమాణం కన్నా ఊపిరిని పట్టి వదిలే నేర్పు పెద్దదని ఆ పిల్లలు ప్రతి జనవరిలోనూ వేలమంది ముందు చూపిస్తున్నారు. ఈ సీమలో వీధి బ్యాండ్లలో ఆడవాళ్ళు కనిపించకపోవడానికి కారణం శరీరశాస్త్రంలో లేదు.

చివరగా ఆషాఢం. ముహూర్తాలుండవు. బాకా గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేస్తారు, మనిషి చెనక్కాయ విత్తనానికో కూలికో పోతాడు. శ్రావణం వచ్చీ రాగానే వరసగా పెళ్ళిళ్ళు, మొదటి రోజే నాలుగు గంటలు ఊదుతాడు. పెదవి చుట్టూ ఉండే కండరం తొడ కండరం లాంటిదే. నెల రోజులు పని లేకపోతే బలం పోగొట్టుకుంటుంది, ఒక్కసారిగా పని మీద పడితే చిరుగుతుంది. చిరిగిన పెదవితో మానకుండా ఊదినవాళ్ళు కొందరు ఆ ఏడాది ఆఖరుకు డప్పుకు మారిపోవడం నేను చూశాను. కాబట్టి ఆషాఢంలో బాకాను అటక మీద పెట్టకూడదు. పొద్దు గుంకాక, గాలి చల్లబడ్డాక, రోజూ ఇరవై నిమిషాలు. పాటలు వద్దు. ఒక్కొక్క స్వరాన్ని వీలైనంత మెల్లగా, వీలైనంత పొడుగ్గా ఊదాలి, మెల్లగా ఊదడమే కష్టం. ఊదినంతసేపు విశ్రాంతి ఇవ్వాలి. పెదవి వణకడం మొదలైతే ఆ రోజుకు చాలించి, మీట నొక్కి చూసి, వంపులో చేరిన నాలుగు చుక్కలూ పారబోసి, తుడిచి పెట్టుకోవాలి.